ఓడినవాళ్ళ దగ్గర నేర్చిన విద్య

ఫ్రెంచి సాహిత్య చరిత్ర మొదటి పేజీలు తిరగేస్తే ఒక తమాషా కనిపిస్తుంది. ఆ భాషలో మనకు దక్కిన తొలి చరిత్ర గ్రంథం రాసింది ఇంగ్లండులో. జంతువుల గుణగణాలు చెప్పే తొలి పద్యగ్రంథమూ అక్కడిదే. ఫ్రాన్సు తన జాతీయ కావ్యమని చెప్పుకునే ‘రోలాఁ గీతం’ అతి పాత ప్రతిని పన్నెండో శతాబ్దంలో ఎత్తి రాసింది కూడా ఇంగ్లండు యాసలోనే. అది ఇవాళ ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. పారిస్ చుట్టుపక్కల పుట్టాల్సిన సాహిత్యం సముద్రం అవతల ఎందుకు పుట్టింది?

1066లో హేస్టింగ్స్ యుద్ధం గెలిచిన నార్మన్ దొర విలియం వెంట అతని మనుషులు వచ్చారు, వాళ్ళతో వాళ్ళ భాష వచ్చింది అని మామూలుగా చెబుతారు. ఇది సగం జవాబే. భాష వచ్చిన మాట నిజం. ఆ భాషలో సాహిత్యం మాత్రం రాలేదు, తేవడానికి వాళ్ళ దగ్గర ఉంటే కదా! నార్మన్ల ముత్తాతలు ఉత్తరాది సముద్రపు దోపిడీదార్లు. 911లో సెన్ నది ముఖద్వారం దగ్గర భూమి దక్కించుకున్న రోలో మనుషులు నాలుగు తరాలు తిరక్కుండానే సొంత భాష వదిలేసి అక్కడి ఫ్రెంచి పట్టుకున్నారు. నోటికి ఫ్రెంచి, రాతకు లాటిన్. ఇంట్లో మాట్లాడే భాషను చర్మపత్రం మీద పెట్టాలన్న ఆలోచన వాళ్ళలో బలంగా ఉన్న దాఖలా లేదు.

ఇంగ్లండులో పరిస్థితి వేరు. తొమ్మిదో శతాబ్దంలో ఆల్ఫ్రెడ్ రాజు కాలం నుంచే అక్కడ చట్టాలు, మఠాల ఉపన్యాసాలు, ఏటేటా రాసుకునే చరిత్ర అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఐర్లండును పక్కన పెడితే పశ్చిమ ఐరోపాలో మరెక్కడా జనభాషలో ఇంత రాత లేదు. నార్మన్లు భూములు లాక్కున్నారు, పీఠాలు లాక్కున్నారు, కచేరీల నుంచి ఇంగ్లీషును తరిమేశారు. 1086 నాటి భూముల సర్వే డూమ్స్‌డే గ్రంథం నిండా లాటినే. అయినా మాట్లాడే భాషలో పుస్తకం రాయొచ్చన్న సంగతి వాళ్ళ కళ్ళముందే ఉంది. వాళ్ళు దాన్ని ఓడినవాళ్ళ దగ్గరే నేర్చుకున్నారని నా నమ్మకం. కొందరు పండితులు కూడా ఈ మాటే అంటున్నారు.

దానికి సాక్ష్యం కవి గెయిమర్. 1136-37 ప్రాంతంలో ‘ఇంగ్లీషువాళ్ళ చరిత్ర’ను ఫ్రెంచి పద్యాల్లో రాశాడు. అందులో చాలా భాగానికి ఆధారం ఇంగ్లీషు మఠాల్లో రాసుకున్న ఆ ఏటేటి చరిత్రే. రాయించింది లింకన్‌షైర్‌కు చెందిన కాన్‌స్టన్స్ అనే జమీందారిణి. గెయిమర్‌కు బ్రిటన్ రాజుల గురించిన ఒక లాటిన్ పుస్తకం కావాల్సి వచ్చింది. అది గ్లోస్టర్ ప్రభువు దగ్గరుంది. ఆయన వాల్టర్ ఎస్పెక్ అనే దొరకు పంపితే, వాల్టర్ దాన్ని కాన్‌స్టన్స్ భర్తకు అరువిచ్చాడు, ఆమె భర్త దగ్గర తీసుకుని కవికిచ్చింది. ఇంత సంగతీ గెయిమరే రాసి పెట్టాడు. ఇంకో మాట కూడా చెప్పాడు: మొదటి హెన్రీ రాజు మీద వేరొకరు కట్టిన కావ్యానికి ఆమె ఒక మార్కు వెండి ఇచ్చి నకలు రాయించుకుందట, తన గదిలో కూర్చుని తరచూ చదువుకునేదట. అంత డబ్బు పోసి పుస్తకం రాయించుకునే పాఠకురాలు ఉన్నచోట కవులకు కొదవేముంటుంది? జంతువుల గ్రంథం రాసిన ఫిలిప్ ద తాఁ కూడా దాన్ని ఆ హెన్రీ భార్య, రాణి అడెలైజాకే అంకితమిచ్చాడు. లాటిన్ బడులు మగవాళ్ళవి. పెద్దింటి ఆడవాళ్ళకు కావలసింది తాము మాట్లాడే భాషలో కథ. ఆంగ్లో-నార్మన్ సాహిత్యం పుట్టుక వెనక రాజులకంటే వీళ్ళ పాత్రే ఎక్కువని నాకనిపిస్తుంది.

ఇక ఈ కవుల పనితనం సంగతి. వీళ్ళు ఎక్కువగా వాడింది పాదానికి ఎనిమిది అక్షరాల ఛందస్సు. రెండేసి పాదాలు జంటగా నడుస్తాయి, మన ద్విపదలాగా. తేడా ఏమిటంటే మన ప్రాస పాదంలో రెండో అక్షరం మీద, వీళ్ళది పాదం చివర. రోలాఁ గీతం నడక ఇది కాదు. అక్కడ పాదానికి పది అక్షరాలు, ఒక్కో గుచ్ఛంలోని పాదాలన్నీ ఒకే అచ్చు మీద ఆగుతాయి. వీరగాథకు, గొంతెత్తి పాడడానికి అది బాగుంటుంది. ఎనిమిదక్షరాల జంట చదివి వినిపించడానికి. పాదం చిన్నది గనుక కథ పరుగెత్తుతుంది. ఫ్రెంచిలో కథకు వచనం ఇంకా రాని కాలంలో వచనం చేయాల్సిన పనంతా ఇదే చేసింది.

మొదటి కవుల్లో మాట రెండో పాదం చివర తెగిపోయేది. పన్నెండో శతాబ్దం ద్వితీయార్ధానికి కవులు తెలివి మీరారు. మొదటి పాదం దగ్గరే వాక్యాన్ని ఆపి రెండో పాదంతో కొత్త వాక్యం ఎత్తుకుంటారు. చెవి ప్రాస కోసం ఎదురుచూస్తుంటే కథ మలుపు తిరిగిపోతుంది. ఇంగ్లండు కవుల లెక్క తప్పుతుందనీ, ఏడక్షరాలు, తొమ్మిదక్షరాల పాదాలు పడతాయనీ పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి పండితులు ముక్కు విరిచారు. పారిస్ కొలబద్దతో లండన్ పాటను కొలిస్తే తప్పు కొలబద్దదే కావచ్చు.

జెర్సీ ద్వీపంలో పుట్టిన వేస్ 1155లో బ్రిటన్ రాజుల కథ ‘బ్రూత్’ ముగించాడు. పదిహేను వేలకు కాస్త తక్కువ పాదాలు. ఆర్థర్ రాజు గుండ్రబల్ల కథల్లోకి వచ్చింది మొట్టమొదట ఇందులోనే. నాకు నచ్చింది మాత్రం సౌతాంప్టన్ రేవులో ఆర్థర్ సైన్యం ఓడలెక్కే ఘట్టం. కథ అంగుళం కదలదు. తాళ్ళు, తెరచాపలు, చుక్కాని, గాలివాటం చూసి తాడు వదిలేవాడు, బిగించేవాడు, ఇదే వరస. ఆ ఓడపని మాటల్లో చాలావాటి పుట్టుక రోలో మనుషులు వదిలేసిన ఉత్తరాది భాషలో ఉంది. ఇంట్లో పోయిన భాష ఓడ మీద మిగిలింది. తర్వాత రెండో హెన్రీ ఇదే వేస్‌కు నార్మన్ దొరల చరిత్ర అప్పజెప్పి, మధ్యలో ఆ పని వేరొకరికిచ్చాడు. వేస్ ఉక్రోషమంతా ఆ అసంపూర్ణ కావ్యం చివర వెళ్ళగక్కి కలం పెట్టేశాడు.

వీళ్ళందరిలో మొనగత్తె మరీ ద ఫ్రాన్స్. తన పేరు మరీ అనీ, తాను ఫ్రాన్సు మనిషిననీ ఆమే చెప్పుకుంది. ఇంగ్లండులో రాసిందని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. ‘లే’ అనే చిన్న కథాకావ్యాలు పన్నెండు రాసింది, బ్రెటన్ గాయకుల కథలు విని. కోకిలలాంటి రాత్రిపాట పిట్ట మీద రాసిన ‘లాయూస్తిక్’ చూడండి, మొత్తం 160 పాదాలు. సాన్ మాలో ఊళ్ళో ఇద్దరు వీరుల ఇళ్ళు పక్కపక్కనే. ఒకడి భార్య, రెండోవాడు ఇష్టపడ్డారు. రాత్రిళ్ళు కిటికీల దగ్గర నిలబడి మాట్లాడుకుంటారు. ఎందుకలా లేచిపోతున్నావని భర్త అడిగితే పిట్ట పాట వినడానికంది. అతను తోటలోని చెట్లన్నిటికీ వలలు, జిగురు పెట్టించి పిట్టను పట్టించాడు, ఆమె ఎదుటే మెడ విరిచి ఆమె మీదికి విసిరాడు. రవికె మీద రక్తపు మరక పడింది. ఆమె ఆ చిన్న ప్రాణిని జరీ పనిచేసిన పట్టుగుడ్డలో చుట్టి ప్రియుడికి పంపింది. అతను రత్నాలు తాపిన బంగారు భరిణె చేయించి అందులో పెట్టుకుని వెంట తిప్పుకున్నాడు. అంతే.

ఎవరికీ పేర్లు లేవు. భార్య చేసింది తప్పా అని కవయిత్రి తీర్పు చెప్పదు. చెప్పాల్సిందంతా పిట్ట, గుడ్డ, భరిణె మోస్తాయి. మాట్లాడాల్సినచోట వస్తువును పెట్టడం ఆమె విద్య. ఆమె సమకాలికుడు దెనీ పిరామస్ ఈ కథలు నిజం కావని దెప్పుతూనే, ఆడవాళ్ళు వీటిని తెగ మెచ్చుకుంటారని ఒప్పుకున్నాడు.

ఫ్రెంచి కచేరీల్లో ఇంకా చాలాకాలం బతికింది. 1362లో కోర్టుల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలని చట్టం చేశారు, ఆ చట్టాన్ని రాసింది ఫ్రెంచిలో! కోర్టు, జడ్జి, ప్లీడరు, బెయిలు, అప్పీలు అన్నీ ఆ దారినే ఇంగ్లీషులోకి, అక్కణ్ణించి బ్రిటిష్ కోర్టులతో మన తాలూకాల్లోకీ వచ్చాయి.

కవిత్వం దారి ఇంకో రకం. 1200 ప్రాంతంలో లాయమన్ అనే పల్లెటూరి పూజారి వేస్ కథను ఇంగ్లీషులోకి తెచ్చాడు, కానీ ఛందస్సు దాదాపు పాత ఇంగ్లీషుదే పెట్టాడు. ఎనిమిదక్షరాల జంట ఇంగ్లీషులో పూర్తిగా కుదురుకోవడానికి ఇంకా టైము పట్టింది. ఫ్రెంచిలో సుమారు ముప్పై వేల పాదాల కావ్యం రాసి చేయి తిరిగిన జాన్ గోవర్, 1390లో ‘కన్ఫెషియో అమాంటిస్’ను ఆ ఛందస్సులోనే ఇంగ్లీషులో ముగించాడు. పాదాలు ముప్పై మూడు వేలు. అక్షరం లెక్క తప్పిన పాదం కోసం అందులో వెతకాలి.