చాంతిసిరి స్తంభంపై అశ్వమేధం

నాగార్జునకొండ మహాచైత్యపు ఆయక స్తంభ శాసనాలు బౌద్ధ దానశాసనాలు. అయినా బుద్ధ నమస్కారం ముగియగానే వాటిలో వినిపించేది ఒక వైదిక యజమాని కీర్తి. ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర శ్రీ చాంతమూలుడు అగ్నిహోత్ర, అగ్నిష్టోమ, వాజపేయ, అశ్వమేధాలు చేసినవాడనీ, కోట్ల సువర్ణాన్ని, లక్షల గోవులను, లక్షల హలాలను దానమిచ్చినవాడనీ అవి స్తుతిస్తాయి. దాత అతని సోదరి చాంతిసిరి. కాలం ఆమె అల్లుడు వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరం.

ఈ సన్నివేశాన్ని 'పరమత సహనం' అన్న ఒక్క మాటతో ముగించడం పరిపాటి అయింది. మరొకవైపు, హోమధూమం గాలిని శుద్ధి చేస్తుందనీ, ఆరోగ్యాన్నిస్తుందనీ నేడు చెప్పే ఫలాలకు ప్రాచీన యాగాలను సాక్ష్యంగా నిలుపుతున్నారు. ఈ రెండు వ్యాఖ్యానాలూ శాసనపాఠం ముందు నిలువవు.

శాసనం ధూమాన్ని గురించి మాట్లాడదు. అది చెప్పేది యజ్ఞం, దానం, అప్రతిహత సంకల్పం. అగ్నిహోత్రం గృహస్థుని నిత్యవిధి. అశ్వమేధం సార్వభౌమత్వ ప్రకటన. నిత్యకర్మ నుండి రాజ్యాధికారం వరకు సాగే ఆ క్రమమే ఇక్కడ యజ్ఞార్థం. ఫలాన్ని కొలిచిన కొలత దక్షిణ.

చాంతిసిరికి ఇచ్చిన విశేషణం ఇంకొక కొలతను చూపుతుంది. శ్రమణులకు, బ్రాహ్మణులకు, దీనులకు ఆమె చేసిన దానాన్ని శాసనం వేలాముని దానంతో పోల్చింది. అంగుత్తరనికాయంలోని వేలామసుత్తం ప్రకారం ఆ బ్రాహ్మణుని మహాదానం కంటే చతుర్దిశల సంఘానికి విహారం కట్టించడం మిన్న. శరణగమనం, శీలం, మైత్రీభావన, అనిత్యసంజ్ఞ అంతకంతకూ మిన్న. అంటే అన్న యజ్ఞదక్షిణ పక్కనే చెల్లెలి బౌద్ధ దానం వేరొక తూకంలో నిలిచింది. ఆమె కోరిన ఫలాలు ఉభయకులాల హితసుఖాలు, తనకు నిర్వాణసంపద, అల్లునికి ఆయువు, విజయం.

మహాచైత్య నవకర్మను పూర్తిచేసిన భదంత ఆనందుణ్ణి శాసనం దీఘ, మజ్ఝిమ నికాయాలను ధరించినవాడని పేర్కొంటుంది. దీఘనికాయంలోని కూటదంతసుత్తం పశువును చంపని, చెట్టును నరకని, సేవకులను దండనభయంతో పని చేయించని యజ్ఞాన్ని వర్ణిస్తుంది. అందులో పురోహితుడు రాజుకు ముందుగా రైతుకు విత్తనం, వర్తకునికి పెట్టుబడి, ఉద్యోగికి వేతనం ఇమ్మని చెబుతాడు. ఆనందుడు ధరించిన పాఠం నేటి పాలి పాఠమేనని రుజువు చేయలేము; అయితే క్రీ.శ. 413లో చీనీ భాషలోకి వచ్చిన దీర్ఘాగమంలోనూ ఈ కథ ఉంది గనుక, అది ఒక్క శాఖకే పరిమితమైనది కాదు. ఆ సంప్రదాయం తెలిసిన భిక్షువు కళ్లెదుటనే అశ్వమేధయాజి ప్రశస్తి శిలపై నిలిచింది. దాతృవంశాన్ని గౌరవించడం వేరు, సిద్ధాంతాన్ని అంగీకరించడం వేరు. 'సహనం' అన్న మాట ఈ అంతరాన్ని చెరిపివేస్తుంది.

విమర్శ ఏకపక్షం కారాదు. యజ్ఞాన్ని లోపలికి మళ్లించినది బౌద్ధమొక్కటే కాదు. ఛాందోగ్యోపనిషత్తు ప్రాణాగ్నిహోత్రంలో భోజనమే ఆహుతి అయింది. బుద్ధుడు అగ్ని శబ్దాన్ని విడువలేదు. దాని అర్థాన్ని మార్చాడు. అంగుత్తరనికాయం రాగ, ద్వేష, మోహాగ్నులను విడువమంటుంది. తల్లిదండ్రులు, ఇల్లాలు, బిడ్డలు, సేవకులు, శ్రమణబ్రాహ్మణులు అనే అగ్నులను పూజించమంటుంది.

కనుక నాగార్జునకొండను చూపేవారు యాగస్థలాన్ని ఒక కథగా, చైత్యాన్ని మరొక కథగా చెప్పరాదు. అన్న అశ్వమేధ కీర్తి చెల్లెలి స్తూపశిలపైనే మనకు దక్కింది. ఆ రెండు తూకాలను కలిపి చదివినప్పుడే శాసనం పూర్తిగా చదివినట్లు.