ఈ కప్లర్ ఎవరి తాలూకు?

కారు బానెట్ ఎత్తినప్పుడు దేనికీ తగిలించకుండా వేలాడుతున్న కప్లర్ (వైర్ల కొసన ఉండే ప్లగ్గు) కనిపిస్తే చాలామంది రెండు పనుల్లో ఒకటి చేస్తారు. వేస్టు అనుకుని టేపు చుట్టి వదిలేస్తారు, లేదంటే దగ్గర్లో పట్టే సాకెట్ ఏదుంటే దానికి నొక్కేస్తారు. రెండూ ప్రమాదమే. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, చిన్న ఊరి బైపాస్ పక్క షెడ్డులోనైనా పని తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ ఆ రెండూ చెయ్యడు. ఊరికి కొత్తగా వచ్చిన మనిషిని పెద్దలు ‘మీరెవరి తాలూకు’ అని అడిగినట్టు, ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు ఆరా తీస్తాడు. మేస్త్రీ పక్కన నిలబడి ఏళ్ల తరబడి నేర్చుకునే ఈ విద్యకు ఒక క్రమం ఉంది.

మొదటిది చూపు. వైరు ఏ కట్టలోంచి బయటికొచ్చింది, ఎంత పొడవుంది? వైరింగ్ కిట్‌లో ప్రతి కొమ్మనూ అది చేరాల్సిన చోటికి సరిపడేంత పొడవే ఉంచుతారు. అందుకే, లాగకుండా అటూ ఇటూ తిప్పి చూస్తే కప్లర్ అందే మేరలోనే దాని జోడీ ఉండాలి. అక్కడ ఖాళీ సాకెట్ ఉన్న సెన్సరో, స్విచ్చో, మోటారో కనిపిస్తే సగం పని అయినట్టే. బ్రేక్ ఆయిల్ డబ్బా దగ్గరి లెవెల్ స్విచ్చి, గ్రిల్ వెనక బయటి వేడిని కొలిచే సెన్సర్, హారన్, అద్దం కడిగే నీళ్ల మోటారు వంటివాటిని ముందుగా చూడాలి.

తర్వాత పిన్నులు. ఒకసారైనా తగిలించి తీసిన పిన్ను మీద సన్నటి గీతలు పడతాయి. గీతలుండి, లోపల మెరుస్తుంటే ఈమధ్యే ఊడింది. పచ్చటి చిలుము పట్టి ఉంటే చాలాకాలంగా ఖాళీగా ఉంది. గీతలే లేకుండా, మూత బిగించో కట్టకే టేపు చుట్టో ఉంటే కంపెనీయే వాడకుండా వదిలేసి ఉండాలి. ఒకే కిట్‌ను వేర్వేరు మోడళ్లకు వాడితే, ఫాగ్ ల్యాంపు లేని బండిలోనూ దాని కప్లర్ మిగిలిపోతుంది. పాత జపాన్ బళ్లు చాలావాటిలో ఇంజిన్ లోపాలను పరీక్షించే కప్లర్ బానెట్ కిందే ఉండేది. అది దేనికీ తగలకుండా ఉండడమే సరైన స్థితి. ఇక పాత యజమాని పెట్టించి తీయించేసిన గ్యాస్ కిట్, అలారం, హారన్ రిలేల తాలూకు మిగుళ్లు వేరు. వైరు మధ్యలో వేసిన అతుకు, పైన చుట్టిన బజారు టేపు వాటిని పట్టిస్తాయి.

రంగులూ సాక్ష్యం చెబుతాయి, కానీ బండి పుట్టిన దేశాన్ని బట్టి. బ్రిటిష్ పద్ధతిలో గోధుమ రంగు వైరు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే కరెంటు, తెలుపు ఇగ్నిషన్‌ది, నలుపు ఎర్తు. జర్మన్ బళ్లలో అదే గోధుమ రంగు ఎర్తు! ఒక బండి రంగుల లెక్కను మరో బండికి వేస్తే షార్ట్ కావచ్చు. జర్మన్ ప్రమాణం ఇచ్చిన అంకెలు మాత్రం దేశాలు దాటాయి. రిలే అడుగున కనిపించే 30 బ్యాటరీ కరెంటు, 85, 86 కాయిల్, 87 బయటికెళ్లే కరెంటు.

లావు వైరు ఫ్యాన్ మోటారు వంటి బరువుకు, సన్నది కబురుకు. ఒకదానికొకటి మెలిపెట్టిన జంట వైర్లు బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే క్యాన్ లైను కావచ్చు. బాష్ కంపెనీ 1986లో ప్రకటించిన ఈ పద్ధతిలో రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లుంటాయి. అందుకే బ్యాటరీ తీసి కొలిస్తే ఆ జంట మధ్య దాదాపు 60 ఓమ్‌లు చూపిస్తుంది.

మీటరు వంతు ఆ తర్వాతే. కీ ఆపి, ఏ పిన్నుకు ఎర్తు కలుస్తోందో చూడాలి. కీ ఆన్ చేసి వోల్టేజి చూడాలి. 12 వోల్టులొస్తే స్విచ్చి, మోటారు, వాల్వుల వైపు ఆలోచించాలి. మూడు వైర్లలో ఒకటి 5 వోల్టులు, ఒకటి ఎర్తు అయితే మూడోది సెన్సర్ సిగ్నల్ అయ్యే అవకాశం ఎక్కువ. ఇక్కడ టెస్ట్ ల్యాంపు వాడకూడదు. 5 వాట్ల బల్బు దాదాపు 0.4 ఆంపియర్లు లాగుతుంది, కంప్యూటర్ లైను అంత మోయలేదు. లావు వైరు దగ్గర మాత్రం ల్యాంపే నిజం చెబుతుంది. వైరు కలిసే చోట బాగా చిలుము పట్టినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, బల్బు మాత్రం సరిగా వెలగదు. ఏది ఎక్కడ పెట్టాలో తెలియడంలోనే మేస్త్రీ గొప్పతనం ఉంది.

చెయ్యకూడనివీ ఈ విద్యలో భాగమే. ఏం తిరుగుతుందో చూద్దామని తెలియని పిన్నుకు బ్యాటరీ కరెంటు ఇవ్వకూడదు. వైరు తోలును సూదితో పొడవకూడదు, ఆ రంధ్రంలోంచి తేమ చేరి రాగి కుళ్లిపోతుంది. పసుపు రంగు ఎయిర్‌బ్యాగు కప్లర్లకు మీటరు పెట్టకూడదు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బళ్లలో నారింజ రంగు కేబుళ్లను శిక్షణ లేనివాళ్లు తాకకూడదు.

ఇంత ఆరా తీశాక తేలే జవాబు ఒక్కోసారి ‘ఇది ఖాళీగా ఉండాల్సిందే’ అన్నదే. చేతికి కొత్త వస్తువేదీ రాలేదని బండివాళ్లు అప్పుడు కూలికి బేరమాడతారు. అది అన్యాయం. ఆ మాట తేల్చడానికి పట్టిన చదువుకే మనం డబ్బిస్తున్నాం. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక బానెట్ కింద సెన్సర్లు పెరిగాయి, ఈ చదువు అవసరమూ పెరిగింది. మేస్త్రీలకు మనవి: తేల్చిన కప్లర్‌కు మూత పెట్టి, అది దేనిదో చీటీ రాసి అంటించండి. పక్కనున్న కుర్రాడికి కారణంతో సహా చెప్పండి. బండివాళ్లకు మనవి: బండి బాగున్నప్పుడే బానెట్ ఎత్తి నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి దాచుకోండి. రేపు ఏ కప్లరైనా ఊడితే దాని చోటు చెప్పే మొదటి సాక్ష్యం అవే.