ఎడిసన్ పతకం, ఎదుటి పక్షం

విద్యుత్ ఇంజనీరింగులో జీవితకాల కృషిని గౌరవించే ఎడిసన్ పతకం, ఎవరి పేరున వెలిసిందో ఆ మనిషి వాదాన్ని ఓడించినవారికే తొలి ఏళ్లలో పదేపదే దక్కడం పురస్కారాల చరిత్రలో అరుదైన విడ్డూరం. టెస్లాకు ఆ పతకాన్ని అవమానించడానికే ఇచ్చారనే సందేశం ఈ వారం మళ్లీ ఫోన్లలో తిరగడమూ, 1915లో ఎడిసన్‌కూ టెస్లాకూ కలిపి ఇచ్చిన నోబెల్‌ను ఇద్దరూ కాదన్నారనే పాత పుకారు అందులో చేరడమూ చూస్తే, ఆ చరిత్రను ఒకసారి చెప్పుకోక తప్పదనిపిస్తుంది. నోబెల్ సంగతి తేలిక: వారిద్దరికీ బహుమతి రానున్నదని ఆ ఏడాది నవంబరులో పత్రికలు రాసిన మాట నిజమే గాని, భౌతికశాస్త్ర బహుమతి చివరకు వెళ్లింది బ్రాగ్ తండ్రీకొడుకులకు.

పతకాన్ని 1904లో నెలకొల్పినవారు ఎడిసన్ మిత్రులు, సహచరులు. అమెరికా విద్యుత్ ఇంజనీర్ల సంస్థ చేతుల మీదుగా 1909 సంవత్సరానికి తొలి పతకం అందుకున్న ఎలిహు థామ్సన్, ఎడిసన్ కంపెనీకి పోటీగా నిలిచి 1892లో దానితో కలిసి జనరల్ ఎలక్ట్రిక్‌గా మారిన సంస్థకు మూలపురుషుడు. 1911లో వెస్టింగ్‌హౌస్‌కు, 1912లో స్టాన్లీకి, 1916లో టెస్లాకు దక్కింది. ఈ ముగ్గురూ ఏసీ పక్షంవారు. ఏసీ అంటే దిశ మార్చుకుంటూ ప్రవహించే కరెంటు, ఎడిసన్ పట్టుబట్టిన డీసీ ఒకే దిశలో ప్రవహించేది. తీగలో వేడిగా పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, అంతే విద్యుత్తును పదిరెట్లు వోల్టేజీతో పంపితే కరెంటు పదోవంతుకు, అదే తీగలో నష్టం నూరోవంతుకు దిగుతుంది. అలా వోల్టేజీని పెంచి మళ్లీ దించే ట్రాన్స్‌ఫార్మర్ ఏసీతోనే పనిచేస్తుంది. 1886లో మసాచుసెట్స్‌లోని గ్రేట్ బారింగ్టన్ ఊరి దుకాణాలకు స్టాన్లీ దీపాలు వెలిగించింది ఈ సూత్రంతోనే. ఆనాటి డీసీ కేంద్రాలు ఇంచుమించు ఒక మైలు దూరం దాటి సరఫరా చేయలేకపోయినది ఈ వెసులుబాటు లేకనే.

సన్మానాల మీద ఈ శీర్షికకున్న విముఖత పాత పాఠకులకు కొత్త కాదు. పదవీ విరమణ నాటి శాలువా, జ్ఞాపిక, వక్త తర్వాత వక్త అవే విశేషణాలను వల్లించడం, గౌరవం పొందవలసిన వయసు దాటాక గౌరవించడం, ఇవన్నీ ఇక్కడ ఎన్నోసార్లు విమర్శకు గురైనవే. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రానికి, రాష్ట్ర విద్యుత్ బోర్డు అధ్యక్షుడిగా పనిచేసిన నార్ల తాతారావు పేరు పెట్టడాన్ని మాత్రం ఈ శీర్షిక ఎప్పుడూ తప్పుపట్టలేదు, ఎందుకంటే అక్కడ పేరు పనిని అంటిపెట్టుకొని ఉంది. ఆ కొలతతో చూస్తే టెస్లా పతకం ఆలస్యానికి పరాకాష్ఠ: ఆయన తన ఏసీ మోటార్ల గురించి అదే సంస్థ ఎదుట ఉపన్యసించింది 1888 మేలో, నయాగరా విద్యుత్తు బఫెలో నగరానికి చేరింది 1896లో, 1916 సంవత్సరపు పతకం చేతికందింది 1917 మేలో.

అయితే ఆ పతకాన్ని 1889లోనే నెలకొల్పి ఉంటే ఎవరికి ఇచ్చేవారు? ఏసీ ప్రాణాంతకమని ఎడిసన్ పక్షం ఊరూవాడా చాటుతున్న ఆ రోజుల్లో, ఆయన మిత్రుల చేతుల మీదుగా వెస్టింగ్‌హౌస్‌కు గాని టెస్లాకు గాని పతకం దక్కడం ఊహకందని మాట. పాతికేళ్లు గడిచి, ఏసీ వ్యవస్థలు నగరాలను నడిపి నిగ్గు తేలాకనే పాత పక్షాల పట్టు సడలింది. పతకం అందుకున్న సభలో టెస్లా సైతం ఎడిసన్‌ను మెచ్చుకున్నాడు. పైగా విద్యుత్ యంత్రం గొప్పదో కాదో ప్రయోగశాలలో తేలదు, ఏళ్ల తరబడి ఎండకూ వానకూ పిడుగులకూ ఓర్చి నడిచాక తేలుతుంది. కాబట్టి ఈ రంగంలో ఆలస్యం నిర్లక్ష్యం కాదు, పరీక్షాకాలం. ఇన్నేళ్ల ఫిర్యాదును ఈ శీర్షిక ఆ మేరకు ఉపసంహరించుకోవలసిందే.

ఆ మేరకే. పతకం పుచ్చుకొమ్మని ఇంజనీరు బెరెండ్ బతిమాలినప్పుడు, దేహానికి అలంకారం తగిలించి మేధను పస్తులుంచుతారా అని టెస్లా మొదట నిరాకరించినట్టు జీవితచరిత్రకారుడు ఓనీల్ రాశాడు. సంభాషణ అక్షరాలా అలాగే జరిగిందో లేదో గాని, 1916లో పన్ను బకాయి వ్యాజ్యంలో తన దగ్గర చిల్లిగవ్వ లేదని టెస్లా చెప్పుకోవలసి వచ్చిన మాట వాస్తవం. ఇప్పుడు ఆ విద్యుత్ ఇంజనీర్ల సంస్థకు వారసురాలైన ఐఈఈఈ తన అత్యున్నత పతకానికి 2025 నుంచి 20 లక్షల డాలర్లు జతచేసింది. ఆ సొమ్మును పేరు ప్రతిష్ఠలు స్థిరపడినవారికి కాక, ప్రయోగం మధ్యలో పెట్టుబడి కరువైన ముప్పై ఏళ్ల ఇంజనీర్లకు పంచి, వృద్ధులకు వట్టి పతకంతో సరిపెట్టవచ్చు.