చేను కింద సింహాసనం

మధ్యయుగాల కథాకావ్యాలు ఆనాటి సమాజానికి అద్దాలని పాఠాల్లో చెబుతుంటాం. ఇంగ్లీషు విద్యార్థులకు చాసర్, తెలుగు విద్యార్థులకు కొరవి గోపరాజు. అయితే ఆ అద్దాన్ని ఎవరు పట్టుకున్నారు, ఎటు తిప్పి పట్టుకున్నారు అన్న ప్రశ్న పరీక్షల్లో రాదు.

గోపరాజు 15వ శతాబ్దపు కవి. భీమ్‌గల్ ప్రాంతం వాడంటారు. అంటే మన కరీంనగర్ పొరుగువాడే. ఆయన 'సింహాసన ద్వాత్రింశిక' విలువను గుర్తించినవాడు సురవరం ప్రతాపరెడ్డి. 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో ఆయన రాజుల వంశావళులను పక్కనపెట్టి, జనం తిండి, బట్ట, ఆటపాటల కోసం కావ్యాలను గాలించాడు. అది సామాన్యమైన పని కాదు. ఆయన తర్వాతివాళ్లు మాత్రం అక్కడే ఆగిపోయారు. 'ఫలానా కావ్యంలో సాంఘిక జీవనం' అని పేరుపెట్టి నగల పట్టీ, వంటల పట్టీ ఇస్తే పరిశోధన అయిపోతున్నది. నగ ఉంది సరే, అవుసలాయన ఏడి?

సంస్కృతం నుంచి వచ్చిన ఆ కథకు మొదలే చూడండి. ఒక బాపనాయన చేను వేసి, మిట్ట మీద మంచె కట్టుకున్నాడు. మంచె ఎక్కితే దారినపోయేవాళ్లను పిలిచి తినమంటాడు. దిగితే తరిమికొడతాడు. భోజరాజు ఆ మిట్ట తవ్విస్తే విక్రమార్కుని సింహాసనం బయటపడింది. అంటే పండించినవాడి దాతృత్వం సింహాసనం మహిమ, లోభం వాడి సొంత గుణం! కింద నిలబడ్డప్పుడు వాడికి గింజ మీద ఎందుకంత ఆరాటమో కథకు అక్కర లేదు. ఇక 32 బొమ్మలూ వరుసగా విక్రమార్కుని ఔదార్యమే చెబుతాయి. సింహాసనానికి అతికిన బొమ్మలు మరేం చెబుతాయి?

చాసర్ 1387 ప్రాంతంలో మొదలుపెట్టిన 'కాంటర్‌బరీ కథలు'లో ఈ వరుస చెడింది. సత్రంలో కలిసిన యాత్రికులు సుమారు 30 మంది. సైనిక ప్రభువు కథ ముగిశాక మఠవాసి చెప్పాలి. తాగివున్న పిండిమర మనిషి అడ్డుపడి, తన కథ చెప్పిగాని ఊరుకోడు. పెద్దల కథ పక్కనే ఒక మోటు కథ నిలబడింది. ఆ కవి గొప్పతనం ఇక్కడుంది.

అయితే ఆ గుంపులో నాగలి పట్టినవాడూ ఒకడున్నాడు. పీఠికలో చాసర్ అతన్ని మెచ్చుకున్నాడు. పేదవాళ్లకు క్రీస్తు పేరిట కూలి లేకుండా పనిచేస్తాడట. కథ మాత్రం అతనికివ్వలేదు. 1348 మహమ్మారి తర్వాత కూలీలు ఎక్కువ అడిగితే, 1351లో చట్టం చేసి కూలిరేట్లు బిగించిన దేశం అది. అక్కడ ఆదర్శ రైతు కూలి అడగనివాడయ్యాడు. వెట్టి ఎరిగిన తెలంగాణవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర లేదు. 1381లో తిరగబడ్డ రైతులు లండన్‌లోకి వచ్చిన దారుల్లో ఆల్డ్‌గేట్ ఒకటి. ఆ ద్వారం మీది ఇల్లు అప్పుడు చాసర్ కౌలులో ఉంది. అయినా ఆ తిరుగుబాటును ఆయన ఈ కావ్యంలో నేరుగా తలచుకున్నది, కోడిపుంజును ఎత్తుకుపోయే నక్క వెంటపడ్డ జనం కేకలకు పోలికగా మాత్రమే.

1978లో జగిత్యాల రైతుకూలీలు దొరల భూముల మీద, వెట్టి మీద నిలదీశారు. ఆ ఇళ్ల పిల్లలు తరగతిలో భోజుని కథ చదివేటప్పుడు చేను సంగతి అడగకుండా ఎట్లా ఉంటారు?

చాసర్ రైతుకు లేని నోరు మన జిల్లాల్లో ఉంది. ఒగ్గువాళ్లు బీరప్ప కథ, మల్లన్న కథ చెబుతారు. చిందువాళ్లు జాంబపురాణం ఆడతారు. ఆదిలాబాద్‌లో ప్రధానులు కిక్రీ వాయిస్తూ గోండుల గాథలు పాడతారు. ఇవన్నీ విప్లవగాథలని నేననను. దేవుళ్ల మహిమలు, కులం కట్లు వీటిలోనూ బలంగానే ఉన్నాయి. కాని గొర్లమంద, దొడ్డి, అడవి ఇక్కడ వర్ణన కోసం రావు, కథ నడిచేదే వాటి మీద. పైగా చెప్పేవాడు, వినేవాడు ఇద్దరూ పనిచేసి బతికేవాళ్లు.

గోపరాజు మీద పరిశోధనకు దిగే విద్యార్థి ముందుగా కోరుట్ల, వేములవాడ దిక్కు పోయి, పట్నాలు వేసే రాత్రి ఒగ్గుకథ మొదటినుంచి చివరిదాకా కూచుని వినాలి. నగల పట్టీ తర్వాతైనా రాసుకోవచ్చు.