కాన్‌స్టాంట్సె దాచిన ఉత్తరాలు

1791 అక్టోబరు 7, శుక్రవారం రాత్రి. వియన్నాలో తన ‘మ్యాజిక్ ఫ్లూట్’ ఒపెరా ప్రదర్శన నుంచి ఇంటికి వచ్చిన సంగీతకర్త మొజార్ట్ భార్య కాన్‌స్టాంట్సెకు ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు. హాలు నిండిందన్నాడు. కొన్ని పాటలు మళ్లీ పాడించుకున్నారన్నాడు. జనం చప్పుడు చేయకుండా మెచ్చుకోవడమే తనకు అన్నిటికన్నా సంతోషమన్నాడు. ఆ తర్వాత, ఆమె ఊరెళ్లిన క్షణం నుంచి తానేం చేశాడో వరసగా చెప్పుకొచ్చాడు. తనతో తానే రెండు ఆటలు బిలియర్డ్స్ ఆడాడు. గుర్రాన్ని 14 డ్యూకట్లకు అమ్మేశాడు. బ్లాక్ కాఫీ తెప్పించుకుని, పైపు కాల్చుకుని, క్లారినెట్ వాయించే ష్టాడ్లర్ కోసం రాస్తున్న రోండోకు దాదాపు మొత్తం వాద్యాలు కూర్చేశాడు.

ఆ రోండో ఆయన క్లారినెట్ కన్చెర్టోలోని చివరి భాగం. ఏళ్ల తరబడి వింటున్నాను దాన్ని. అది తయారైన పూట కాఫీ ఉందని, గుర్రం బేరం ఉందని రాసినవాడి మాటల్లోనే తెలిసినప్పుడు కలిగిన సంతోషం నాకు ఏ విశ్లేషణ గ్రంథమూ ఇవ్వలేదు. ఆ ఏడు మన త్యాగరాజస్వామికి ఇరవై నాలుగేళ్లు. ఆయన ఇంటి సంగతులు మనకు ఎక్కువగా కథలుగానే చేరాయి. ఒక కీర్తన పుట్టిన రోజు ఆ ఇంట్లో ఏం వండారో, ఎవరు ఏమన్నారో మనం ఊహించుకోవాల్సిందే. మొజార్ట్ ఉత్తరాల కోసం నేను ఇంతగా ఆశపడేది అందుకే.

ష్టాడ్లర్ ఎవరో, రోండో అంటే ఏమిటో ఆయన ఆ ఉత్తరంలో వివరించలేదు. ఆ అవసరం లేదు. కాన్‌స్టాంట్సె గాయనుల ఇంట పుట్టిన పిల్ల, తానూ గాయని. బాఖ్, హాండెల్ రాసిన ఫ్యూగ్ అనే రకం రచనలంటే చెవి కోసుకునేది. నువ్వూ ఒకటి రాయమని ఆమె వెంటపడితేనే రాశానని 1782లో మొజార్ట్ తన అక్కకు చెప్పుకున్నాడు. ఆ ఏడాది ఆగస్టులోనే వాళ్ల పెళ్లి. మరుసటి ఏడాది సాల్జ్‌బర్గ్‌లో ఆయన సి మైనర్ మాస్ అనే చర్చి సంగీత రచనలో సోప్రానో పాడింది ఆమే. పనిలో ఉన్న మనిషి పని తెలిసిన మరో మనిషికి రాసుకున్న ఉత్తరాలివి. ప్రేమలేఖలని ఒక్క మాటలో తేల్చేస్తే ఈ సంగతి మరుగున పడిపోతుంది.

ప్రేమ లేదని కాదు. 1789 వసంతంలో ప్రిన్స్ లిహ్నోవ్‌స్కీతో కలిసి ప్రాగ్, డ్రెస్డెన్, లైప్‌జిగ్, బెర్లిన్ తిరిగినప్పుడు రాసినవి చదివితే మనకే ముఖం ఎర్రబడుతుంది. ఆమె చిన్న చిత్రపటాన్ని పెట్టెలోంచి తీసి, ముద్దుపేర్లతో పలకరించి, మెల్లగా మళ్లీ లోపల పెడతానని రాశాడు. ఇంకో ఉత్తరంలో ఒకటి, రెండు అని అంకెలు వేసి మరీ కోరికలు రాశాడు: దిగులు పడకు, ఒంటరిగా నడిచి వెళ్లకు, ఇంకా వివరంగా రాయి. మే 23న బెర్లిన్ నుంచి రాసినదాంట్లో శరీరపు ఆరాటం దాపరికం లేకుండా ఉంది. అందులో కొన్ని మాటలను తర్వాత ఎవరో కొట్టేశారు. అదే ఉత్తరంలో తాను ఏ తేదీన ఏ ఊరి నుంచి రాశాడో, ఆమెవి ఏవి అందాయో జాబితా కూడా ఉంది. అప్పుల కోసం స్నేహితుణ్ణి పదే పదే అడిగిన మనిషి, ఉత్తరాల దగ్గర మాత్రం తేదీ తప్పకుండా లెక్క చూసుకున్నాడు. నాకు ఆ ఆరాటం కన్నా ఈ లెక్కే ఎక్కువ ప్రేమగా కనిపిస్తుంది.

ఆ జాబితాలోని ఆమె ఉత్తరాల్లో ఒక్కటీ ఇవాళ లేదు. అసలు భర్తకు ఆమె రాసినవేవీ మిగల్లేదు. బాడెన్‌లో వేడినీటి బుగ్గల దగ్గర వైద్యానికి ఉన్నప్పుడు మగవాళ్లతో మరీ చనువుగా ఉంటున్నావని ఆయన మందలించిన ఉత్తరం ఉంది. ఆమె ఏం జవాబు చెప్పిందో లేదు. ఆ ఖాళీలో తర్వాతి రచయితలు తమకు తోచింది నింపారు. బాధ్యత తెలియని ఇల్లాలని, భర్త గొప్పతనం అర్థంకాని మనిషని ఇరవయ్యో శతాబ్దంలోనూ రాశారు. ఆ మాటలు నాకు కోపం తెప్పిస్తాయి.

1791 డిసెంబరు 5న ఆయన పోయేనాటికి ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లు. ఇద్దరు కొడుకులు, పైన అప్పులు. ఆయన సంగీతంతో కచేరీలు పెట్టించింది, రాతప్రతులను ఆండ్రే అనే ప్రచురణకర్తకు అమ్మింది. రెండో భర్త నిస్సెన్ మొజార్ట్ జీవితచరిత్ర రాస్తూ మధ్యలో కన్నుమూస్తే, 1828లో దాన్ని అచ్చులోకి తెచ్చింది. 1842లో చనిపోయింది. ఇన్ని ఇళ్లు మారినా, మళ్లీ పెళ్లాడినా, కట్లెట్లు వచ్చాయోచ్ అని మొజార్ట్ మురిసిపోతూ రాసిన కాగితాన్ని కూడా ఆమె పారేయలేదు. మందలించిన ఉత్తరాన్ని చింపేయడం ఆమెకు ఎంతసేపు పని? అదీ ఉంచింది. ఆమె మీద తీర్పు చెప్పినవాళ్లందరూ ఆ తీర్పుకు ఆధారం తీసుకున్నది ఆమె భద్రపరిచిన కాగితాల్లోంచే.