మరవ పారిన రోజు

ఈజిప్టు రైతుకు నైలు నది ఏటా వేసవిలో పొంగేది. గట్లు వేసి ఆ నీటిని పొలాల్లో నిలబెట్టి, ఒండ్రు దిగాక వదిలేసి, ఆ బురదలో విత్తనం చల్లుకునేవాడు. మన పెన్నకు, చిత్రావతికి అంత నియమం లేదు. అనంతపురంలో ఏడాదికి ఐదున్నర వందల మిల్లీమీటర్ల వాన, అదీ చాలావరకు కొద్ది గట్టి దెబ్బల్లోనే పడుతుంది. రాత్రి వంక పారితే తెల్లారేసరికి ఇసుకే. ఆ ఒక్క రాత్రి నీటిని ఏడాది తిండిగా మార్చిన మా సీమ చెరువు పనివాళ్లను నేను నైలు వాళ్లకంటే ఒక మెట్టు పైనే నిలబెడతాను.

1388లో విజయనగర రాకుమారుడు ప్రతాప బుక్కరాయలు పెన్న నీళ్లు పెనుకొండకు రావాలన్నాడు. జలసూత్రం తెలిసిన సింగాయభట్టు కల్లూడి నుంచి సిరువర చెరువు దాకా కాలువ తవ్వించి తెచ్చాడు. ఆ పనిని శాసనానికెక్కించారు, ఎక్కించాల్సిన పనే మరి! 1369 నాటి పోరుమామిళ్ల శాసనమైతే మంచి చెరువుకు పన్నెండు లక్షణాలు, ఆరు దోషాలు చెబుతుంది. కట్ట ఊరడం ఒక దోషం. నీరు తక్కువ, ఆయకట్టు ఎక్కువ కావడం ఇంకొకటి. బుక్కరాయసముద్రం కట్ట తెగకుండా ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ ఈ నేలదే. కట్టమంచి రామలింగారెడ్డి దాన్ని కావ్యం చేశారు.

చెరువు విద్య అంతా మరవలో ఉంది. నిండాక మిగిలిన నీరు దాటిపోయే రాతి గడప అది. కట్టకంటే కాస్త దిగువన ఉండాలి. ఆ 'కాస్త' ఎంతో తెలియడమే పనితనం. మరీ దించితే నీరు నిలవదు, దించకపోతే కట్ట మీదుగా దొర్లి మన్నంతా కోసుకుపోతుంది. కొన్ని మరవల మీద నిలువు రాళ్లు పాతి ఉంటాయి. ఇక పెద్ద వరద రాదని తేలాక వాటి సందుల్లో మట్టి, గడ్డి కూరి ఇంకాస్త నీటిని ఆపుకుంటారు. మా మరవ నీరు కింది ఊరి చెరువుకు, అక్కడిది ఆ కిందిదానికి. ఇదే గొలుసుకట్టు.

చిన్నప్పుడు మా ఊరి నీరుగంటి తాత, అంటే చెరువునూ నీళ్లనూ చూసుకునే ఆయన, వెనకాల నడిచేవాణ్ణి. నిండు చెరువు రోజుల్లో ఆయన తెల్లవారుజామున కట్ట వెనక వైపు వట్టి కాళ్లతో నడిచేవాడు. ఒకసారి ఒకచోట ఆగి, బొటనవేలితో మన్ను గీరి, "ఈడ సల్లగుండాది నాయనా, ఊరతాంది" అన్నాడు. పైకి తడి కనబడలేదు. మధ్యాహ్నానికి ఆ చోట బంకమన్ను దిమ్మిస మోత వినబడింది. అంతటి పాదాలు ఏ కొలత యంత్రానికీ లేవు!

వేసవిలో చెరువెండితే ఎద్దుల బండ్లు దిగేవి. అడుగున పేరుకున్న ఒండ్రును ఎర్రచేలకు తోలుకునేవాళ్లు. నైలు తనంత తానే తెచ్చి పరిచిన ఎరువును మా వాళ్లు బండ్ల మీద మోసుకున్నారు. 1970లో ఆస్వాన్ ఆనకట్ట పూర్తయ్యాక నైలు ఒండ్రు ఆనకట్ట వెనకే ఆగిపోయింది. ఇక్కడ ఆపింది మన బద్ధకం.

ఇప్పుడు నీరుగంటి మాన్యాలు లేవు. మరవ నిండా కంపచెట్లు. కాంట్రాక్టరు వచ్చి పాత రాతి పేర్పు పీకి సిమెంటు పూస్తాడు. పేర్చిన రాయి కట్టతోపాటు సర్దుకుంటుంది, పూత మొదటి ఎండకే పగులుతుంది. జేసీబీతో నిలువుగా ఎగదోసి, తొక్కించకుండా వదిలిన మన్నుకు కట్ట అని పేరు పెట్టడం ఆ పాత పనివాళ్లను అవమానించడమే. బోరుంది కదా అంటారు. చెరువు నిండకపోతే బోరులోకి నీళ్లెక్కణ్ణుంచి వస్తాయి? వంకల దారినీ మరిచాం. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీల్లోకి వచ్చింది. వంక తన దారినే వచ్చింది, ఇళ్లే దానికి అడ్డం వెళ్లాయి.

వానలు రాకముందే మీ ఊరి మరవ దగ్గరికి వెళ్లండి. కంప నరికించండి. నీరుగంటి ఇంటి పెద్దాయన బతికుంటే, మీ పిల్లల చెప్పులు విప్పించి ఆయనతో కట్ట వెనకాల నడవనివ్వండి.