పణంగా ఒడ్డబడినవారి మాటేమిటి?

జూదము మనకు కొత్త కథ కాదు. “మాయాబజార్” (1957)లో శకుని వేషధారి సి.యస్.ఆర్. పాచికలు చేతబట్టి నవ్వుతుంటే మన పిల్లలు కూడా నవ్వుతారు. అయితే భారతంలో జూదఘట్టం ధర్మరాజు ఓటమితో ముగియదు. పణంగా ఒడ్డబడిన ద్రౌపది సభలో నిలిచి, తన్ను తాను ముందే ఓడిపోయినవానికి నన్ను ఒడ్డే హక్కెక్కడిదని అడుగుతుంది. ఆ ప్రశ్నే ఆ కథకు ప్రాణం.

కోరంగి రేవు వంటి చోట్ల ఓడలెక్కి, ఎవరో వ్రాసిన ఒప్పందాలకు వేలిముద్రలు వేసిన వారి సంతతి మనము. అందుచేత అమెరికా జూదనగరాల చిత్రాలను చూచేటప్పుడు ఆ ప్రశ్న మనకు గుర్తుండాలి.

నెవాడా రాష్ట్రం 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసింది. అక్కడి లాస్ వేగాస్ నగరం మీద వచ్చిన పేరుపొందిన చిత్రాలలో “ఓషన్స్ ఎలెవెన్” (1960) ఒకటి. ఫ్రాంక్ సినాట్రా నాయకుడు. యుద్ధంలో కలిసి పనిచేసిన పదకొండుగురు స్నేహితులు ఒకే రాత్రి ఐదు కాసినోలను దోచుకుంటారు. ఈ ముఠాలో నల్లజాతి కళాకారుడు సామీ డేవిస్ జూనియర్ వేసిన వేషం చెత్తబండి తోలేవాడిది. దోచిన సొమ్మును చెత్తబండిలో దాటించేది అతడే. చిత్రం దీనిని వినోదంగా చెప్పి సాగిపోతుంది.

కాని ఆ నగరంలో నల్లవారి స్థితి వినోదం కాదు. ప్రధాన వీథిలోని హోటళ్లలో పాడి మెప్పించిన నల్లజాతి గాయకులు రాత్రికి వెస్ట్‌సైడ్ పేటలోని అద్దె గదులకు పోవలసి వచ్చేది. యువకుడిగా సామీ డేవిస్ కూడా ఆ అవమానం పడ్డవాడే. దంతవైద్యుడు జేమ్స్ మెక్‌మిలన్ నాయకత్వంలో నల్లవారు వీథిలో ఊరేగింపు తీస్తామని హెచ్చరించాక, 1960 మార్చి 26న మూలాన్ రూజ్ హోటలులో ఒప్పందం కుదిరి, నల్లజాతి అతిథులకు తలుపులు తెరుచుకున్నాయి. చిత్రం విడుదలైనది అదే సంవత్సరం ఆగస్టులో. అంత పెద్ద కథ పక్కనే జరుగుతుంటే కెమెరా దొంగల వైపే తిరిగి ఉంది!

మార్టిన్ స్కోర్సేసీ “కాసినో” (1995) ఇంతకంటె ఎంతో గొప్ప చిత్రం. జూదశాల లెక్కను అది దాచదు. బాగా గెలిచి వెళ్లిపోతున్న జపాను ధనికుని విమానం చెడిపోయిందని చెప్పి వెనక్కి రప్పిస్తారు. అతడు మళ్లీ ఆడతాడు, గెలిచినదానికి మించి పోగొట్టుకుంటాడు. మనిషిని బల్ల దగ్గర కూర్చోబెట్టగలిగితే చాలు, మిగతా పని లెక్కే చేస్తుంది. అమెరికా రూలెట్ చక్రంలో 38 గళ్లుంటాయి. ఒక్కొక్క గడిపై ఒక్కొక్క డాలరు పెట్టినవానికి తిరిగి వచ్చేవి 36. మిగిలిన రెండూ ఇంటివాడివి. మారిషస్ తోటలలో ఒకరోజు పనికి రానివానికి రెండు రోజుల కూలి కోసిన పద్దు గుర్తుకు రావడం లేదూ? లెక్క వ్రాసేవాడు ఓడిపోడు గదా!

అయినా ఆ చిత్రంలో కూడా పక్కలు సర్దేవారు, పళ్లేలు కడిగేవారు నీడలే. “కాసినో” తెరమీదికి వచ్చిననాడు అదే లాస్ వేగాస్ వీథిలో ఫ్రాంటియర్ హోటలు కార్మికులు సమ్మెలో ఉన్నారు. 1991 సెప్టెంబరులో మొదలైన ఆ సమ్మె 1998 దాకా, ఆరేళ్లకు పైగా నడిచింది. సుమారు 550 మందిలో ఒక్కరైనా సమ్మె విడిచి లోపలికి పోలేదు. చివరకు గెలిచారు. జూదనగరంలో ఇంతకంటె గొప్ప గెలుపు ఏ చిత్రంలో ఉన్నది?

ఒక్క చిత్రాన్ని మాత్రం వేరుగా చెప్పాలి. లూయీ మాల్ తీసిన “అట్లాంటిక్ సిటీ” (1980). న్యూజెర్సీలోని ఆ సముద్రతీర పట్టణంలో మొదటి కాసినో 1978లో తెరిచారు. పాత కట్టడాలు కూలుతుండగా తీసిన చిత్రమిది. సూసన్ సరాండన్ వేసిన శాలీ కాసినోలోని చేపల వంటకాల బల్ల దగ్గర పనిచేస్తుంది. రాత్రి ఇంటికి వచ్చి, ఒంటికి పట్టిన నీచువాసన పోవడానికి నిమ్మచెక్కలతో రుద్దుకుంటుంది. పేకముక్కలు పంచే పని నేర్చుకొని పైకి రావాలని ఆమె ఆశ. బర్ట్ లాంకాస్టర్ పాత్ర ఆమెను కిటికీలోంచి తొంగి చూడడం మనకు ఇబ్బందిగా ఉన్నా, ఆ నిమ్మవాసనలో ఒక శ్రమజీవి దినచర్య ఉన్నది. పగలంతా చెఱకు కొట్టి వచ్చి చేతులు కడుగుకొన్న మన అవ్వలు ఆమెను చూస్తే ఇట్టే గుర్తుపట్టేవారు.

ఈనాడు ఏ పాత చిత్రమైనా ఇంట్లో కూర్చుని చూడవచ్చు. ఈ చిత్రాలు చూడవద్దని నేననను. “కాసినో” తప్పక చూడండి. పిల్లలతో కలిసి చూచేటప్పుడు మాత్రం ఒక్క మాట అడగండి: ఆ గదిని ఎవరు ఊడ్చారు? జవాబు తెరమీద దొరకదు. అప్పుడు మన పెద్దల కథ మొదలుపెట్టవచ్చు.